క్యాజువాల్టీలో ప్రొసీజర్ కోసం మత్తు ఇవ్వడం: మొదటి ప్రశ్న నుంచి ఇంటికి పంపేదాకా

భుజం కీలు జారిన మనిషి, ముంజేతి ఎముక విరిగి వంకర తిరిగిన పిల్లవాడు, గుండె లయ తప్పి షాకు ఇవ్వవలసిన రోగి, చంకలో పెద్ద చీముగడ్డతో వచ్చిన మధుమేహ రోగి, వీరిలో ఎవరికీ ఆపరేషన్ థియేటర్ తప్పనిసరి కాదు, కానీ పూర్తి మెలకువలో ఉంచి చికిత్స చేస్తే అది వారికి చిత్రహింస అవుతుంది. చాలా చోట్ల ఇప్పటికీ నలుగురు కలిసి కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎముకను లాగేస్తారు. పిల్లల విషయంలో ఇది మరింత ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే పిల్లవాడు ఎదురు తిరగలేడు. ఆ పద్ధతికి ఇక చోటు ఉండకూడదని నా దృఢమైన అభిప్రాయం. అలాగని ఏర్పాట్లేమీ లేకుండా ఒక సిరంజి మత్తు ఎక్కించి పని కానిచ్చేయడం అంతకంటే ప్రమాదకరం.

మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను భారత వైద్య మండలి 2009లో ప్రత్యేక విభాగంగా గుర్తించింది. కార్పొరేట్ ఆసుపత్రుల్లోనూ బోధనాసుపత్రుల్లోనూ ఆ శిక్షణ పొందినవారు పెరుగుతున్నా, జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలో ఉండేది ఎక్కువగా ఎంబీబీఎస్ పూర్తిచేసిన యువ డాక్టర్లూ స్టాఫ్ నర్సులే. ఈ మార్గదర్శి ముఖ్యంగా వారిని ఉద్దేశించినది. ఇది శిక్షణకు ప్రత్యామ్నాయం కాదు. మాస్కు, అంబు బ్యాగ్‌ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి)తో శ్వాస అందించడం చేతికి బాగా అలవాటు కానివారు, అవసరమైతే గొంతులో ట్యూబు వేయగలవారు పక్కన లేనివారు, ఇక్కడ చెప్పిన మందుల్లో ఏదీ ముట్టుకోకూడదు.

మొదటి మెట్టు: అసలు మత్తు అవసరమా?

అన్నిటికంటే సురక్షితమైన మత్తు ఇవ్వనవసరం లేకపోయిన మత్తే. అందుకని మొదట స్థానికంగా తిమ్మిరెక్కించడం సరిపోతుందేమో ఆలోచించాలి. మణికట్టు దగ్గర విరిగిన ఎముకకు, విరిగిన చోట గడ్డకట్టిన రక్తంలోకే 1 శాతం లిగ్నోకెయిన్ సుమారు 10 మి.లీ. ఎక్కించి పది నిమిషాలు ఆగితే, చాలామంది పెద్దవాళ్ళలో మత్తు లేకుండానే సరిచేయవచ్చు. జారిన భుజానికి కీలు లోపల లిగ్నోకెయిన్ ఇవ్వవచ్చు. రోగి భయపడకుండా సహకరిస్తే కనింగ్‌హామ్ పద్ధతిలో కండరాలను మర్దన చేస్తూ కీలును దానంతట అదే లోపలికి జారేలా చేయవచ్చు. నరాల చుట్టూ మందు ఎక్కించి ఆ భాగాన్ని తిమ్మిరెక్కించే బ్లాకులు కూడా ఉన్నాయి: వేళ్ళకు రింగ్ బ్లాక్, తొడ ఎముక విరిగితే ఫెమొరల్ నర్వ్ బ్లాక్. ఏది ఎంచుకున్నా, అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్ కిలోకు 3 మి.గ్రా. దగ్గర ఆపడం మంచిది, 4.5 మి.గ్రా. ఎన్నడూ దాటకూడదు.

ఇవి చాలవని తేలినప్పుడు రెండో ప్రశ్న వేసుకోవాలి: ఈ పని ఇప్పుడే, ఇక్కడే జరగాలా? తుంటి కీలు జారితే ఆలస్యం అయ్యేకొద్దీ తొడ ఎముక తలకు రక్తం అందక దెబ్బతింటుంది. విరిగిన ఎముక కింద చేతికి నాడి అందకపోతే వేచి ఉండే వ్యవధి లేదు. చిన్న గాయానికి కుట్లు మాత్రం ఒకటి రెండు గంటలు ఆగినా నష్టం లేదు. తరవాత చెప్పబోయే నిర్ణయాలన్నీ ఈ తేడా మీదే ఆధారపడతాయి.

రెండో మెట్టు: ఎంత లోతు కావాలో ముందే నిర్ణయించుకోవడం

మత్తుకు నాలుగు స్థాయులు చెబుతారు. తేలిక స్థాయిలో రోగి మామూలుగా మాట్లాడతాడు, కేవలం ఆందోళన తగ్గుతుంది. మధ్యస్థ స్థాయిలో పిలిస్తే, లేదా మెల్లగా తడితే, అర్థవంతంగా స్పందిస్తాడు. శ్వాసకు సహాయం అవసరం ఉండదు. లోతైన స్థాయిలో పదేపదే కదిపితేనో నొప్పి కలిగిస్తేనో స్పందిస్తాడు, శ్వాసమార్గం మూసుకుపోయే అవకాశం ఉంటుంది. నాలుగోది పూర్తి అనస్థీషియా. కెటమిన్ అనే మందు ఇచ్చే మత్తు ఈ వరుసలో ఇమడదు. రోగి కళ్ళు తెరుచుకునే ఉంటాడు, ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, కానీ నొప్పికీ అతనికీ సంబంధం తెగిపోతుంది.

ఈ స్థాయుల మధ్య గట్టి హద్దులు లేవు. మధ్యస్థ మత్తు కోసం ఇచ్చిన మోతాదే మరొకరిని లోతైన మత్తులోకి తీసుకుపోతుంది. కాబట్టి మీరు అనుకున్న స్థాయికంటే ఒక స్థాయి లోతుకు రోగి వెళ్ళినా కాపాడగలిగేలా సిద్ధంగా ఉండాలి. ఆ సామర్థ్యం గదిలో లేకపోతే అనస్థీషియా డాక్టరుకు ఫోను చేయాలి.

మూడో మెట్టు: రోగిని పరీక్షించడం

ఎంత హడావుడిగా ఉన్నా కొన్ని వివరాలు అడగకుండా ముందుకు వెళ్ళకూడదు: ఏ మందులు పడవు, ఇప్పుడు ఏం వాడుతున్నారు, గతంలో ఏ జబ్బులు ఉన్నాయి, ఇంతకుముందు అనస్థీషియా ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా, చివరిసారి ఎప్పుడు ఏం తిన్నారు, ఇప్పుడు ఏం జరిగింది. గురక గురించి విడిగా అడగాలి. భార్యనో భర్తనో అడిగితే నిజం తెలుస్తుంది: గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందంటే, మత్తులో ఆ మనిషి గొంతు మూసుకుపోతుందని ముందే ఊహించుకోవాలి.

వచ్చేలోపే ఏ ఇంజెక్షన్లు పడ్డాయో రాబట్టాలి. దారిలో ఏదో ఒక నర్సింగ్ హోమ్‌లో నొప్పికి ట్రమడాలో పెంటజోసినో ఇచ్చి పంపి ఉండవచ్చు, చీటీ మీద రాయకపోవచ్చు. వాటి ప్రభావం మీ మందుతో కలిసి శ్వాసను అణచివేస్తుంది.

మద్యం సంగతి తీర్పు చెప్పే గొంతుతో కాకుండా మామూలుగా అడగాలి. తెలంగాణలో ఇంకొక ప్రశ్న తప్పనిసరి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలమ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతున్నట్టు అక్కడ ఎన్నోసార్లు బయటపడింది. అలాంటి కల్లు రోజూ తాగేవారికి మిడజోలమ్ అనే మత్తుమందు మామూలు మోతాదులో పని చేసినట్టే కనిపించకపోవచ్చు. పైగా వారికి మిడజోలమ్‌కు విరుగుడుగా ఫ్లుమజెనిల్ ఇస్తే ఫిట్స్ రావచ్చు. ఈ విషయం ముందే తెలిస్తే మందు ఎంపికే మారుతుంది.

తరవాత శ్వాసమార్గం. నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటుందా, గడ్డం కింద మూడు వేళ్ళ జాగా ఉందా, మెడ వెనక్కి వంగుతుందా, కట్టుడు పళ్ళు ఉన్నాయా, ఊగుతున్న పన్ను ఉందా చూడాలి. గుట్కా, వక్క ఏళ్ళ తరబడి నమిలినవారిలో నోరు తెరుచుకోకపోవడం మన దగ్గర అరుదు కాదు. దట్టమైన గడ్డం, స్థూలకాయం, పళ్ళు లేని బుగ్గలు ఉంటే మాస్కు సరిగా అతుక్కోదు. ట్యూబు వేయగలనా అన్న ప్రశ్నకంటే మాస్కుతో ఊపిరి అందించగలనా అన్నది ముందు తేల్చుకోవాలి.

బరువు ఉజ్జాయింపుగా రాయకండి. పిల్లవాడు త్రాసు మీద నిలబడకపోతే తల్లి ఎత్తుకుని నిలబడాలి, తరవాత తల్లి బరువు తీసివేయాలి. అన్ని మోతాదులూ ఆ అంకె మీదే కట్టినవి.

ఎవరికి క్యాజువాల్టీలో మత్తు వద్దు? బీపీ ఇంకా నిలబడని గాయపడ్డవారికి, తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బుతో పడుకుని ఉండగానే ఆయాసపడేవారికి, తల దెబ్బతో స్పృహ తగ్గుతున్నవారికి, శ్వాసమార్గం కష్టమని ముందే కనిపిస్తున్నవారికి. వీరిని థియేటర్‌లో, అనస్థీషియా డాక్టరు చేతిలో పెట్టడం మన చేతకానితనం కాదు, సరైన వైద్యం.

నాలుగో మెట్టు: కడుపు నిండా తిని వస్తే?

ముందుగా నిర్ణయించిన ఆపరేషన్లకు అమెరికన్ అనస్థీషియా నిపుణుల సంఘం చెప్పే లెక్క అందరికీ తెలిసిందే: నీళ్ళకు 2 గంటలు, తల్లిపాలకు 4, పోతపాలకూ తేలిక ఆహారానికీ 6, నూనెతో కూడిన భోజనానికి 8. క్యాజువాల్టీకి వచ్చే మనిషి ఆ లెక్క చూసుకుని పడిపోడు. అమెరికన్ ఎమర్జెన్సీ వైద్యుల సంఘం 2014 నాటి విధాన పత్రంలో, కేవలం ఉపవాస సమయం పూర్తికాలేదన్న కారణంతో ఎమర్జెన్సీ సెడేషన్‌ను (మత్తు ఇవ్వడాన్ని) వాయిదా వేయనవసరం లేదని స్పష్టం చేసింది.

దీన్ని ఎవరికైనా ఎప్పుడైనా ఇవ్వవచ్చని అర్థం చేసుకోకూడదు. కాలికి రక్తం అందని రోగి బిర్యానీ తిని వచ్చినా ఆగకూడదు. అదే భోజనం చేసి కుట్లకోసం వచ్చిన పిల్లవాడిని కొన్ని గంటలు కూర్చోబెట్టడంలో తప్పు లేదు. పేగు అడ్డుపడినవారు, నెలలు నిండిన గర్భిణులు, ఆగకుండా వాంతులు చేసుకుంటున్నవారు ఎంతసేపు ఉపవాసం ఉన్నా కడుపు నిండినవారితో సమానమే.

ఐదో మెట్టు: ఇంటివారితో మాట్లాడటం

సంతకం పెట్టించుకోవడమే అంగీకారం కాదు. మన ఇళ్ళలో మత్తు అనగానే వచ్చే మొదటి భయం "మళ్ళీ లేస్తాడా?" అన్నది. దానికి సూటిగా సమాధానం చెప్పాలి. పిల్లవాడికి కెటమిన్ ఇవ్వబోతుంటే తల్లితో ఇలా చెప్పవచ్చు: "అమ్మా, బాబుకు నొప్పి తెలియకుండా మందు ఇస్తున్నాం. కళ్ళు తెరిచే ఉంటాడు, కనుగుడ్లు అటూ ఇటూ కదులుతాయి, నోట్లో నీరు ఊరుతుంది, ఏదో గొణగవచ్చు కూడా. చూడటానికి భయంగా ఉంటుంది కానీ వాడికి ఏమీ తెలియదు. అరగంట నుంచి గంటలో మామూలవుతాడు. లేచాక ఒకసారి వాంతి కావచ్చు. ఊపిరి తగ్గే ప్రమాదం కొద్దిగా ఉంటుంది, అది చూసుకోవడానికే ఈ సిస్టరుగారు, ఇంకో డాక్టరుగారు పక్కనే ఉంటారు." ఇంత చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. ఇది చెప్పకపోతే, తెరిచిన కళ్ళతో చలనం లేకుండా ఉన్న బిడ్డను చూసి తల్లి కుప్పకూలుతుంది.

మందు పనిచేసేవరకూ తల్లినో తండ్రినో బిడ్డ పక్కన ఉండనివ్వాలి. ప్రశాంతంగా మత్తులోకి వెళ్ళిన పిల్లలు ప్రశాంతంగానే బయటికి వస్తారు, ఏడుస్తూ వెళ్ళినవారు ఏడుస్తూ లేస్తారు.

ఆరో మెట్టు: ఎవరు ఏం చేస్తారు

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క విషయమే అమలు చేయగలిగితే ఇదే చేయమంటాను: ఊపిరి చూసే మనిషికి మరో పని ఉండకూడదు.

కనీసం ముగ్గురు కావాలి. ఒక డాక్టరు ప్రొసీజర్ చేస్తారు. మరొక డాక్టరు మత్తు ఇచ్చి, తల దగ్గర నిలబడి, రోగి ముఖాన్నీ ఛాతీనీ మానిటర్‌నూ చూస్తారు. స్టాఫ్ నర్సు మందులు అందించి, అంకెలు రాస్తారు. భుజం లోపలికి వెళ్ళనప్పుడు "ఒక్క క్షణం ఈ దుప్పటి లాగండి సార్" అని తల దగ్గరున్న డాక్టరును పిలవడం అత్యంత సహజంగా జరిగే తప్పు. అప్పుడు లాగేవారు ఇద్దరవుతారు, చూసేవారు ఎవరూ ఉండరు. లాగడానికి బలం కావాలంటే వార్డు బాయ్‌ను ముందే పిలుచుకోవాలి. రెండో డాక్టరు దొరకని రాత్రి, ప్రాణానికీ అవయవానికీ తక్షణ ప్రమాదం లేకపోతే, నొప్పికి మందిచ్చి, కట్టు కట్టి, దొరికేదాకా ఆగడమే మంచిది.

ఏడో మెట్టు: మంచం చుట్టూ సిద్ధం చేయడం

సక్షన్ (నోట్లోని ద్రవాలను పీల్చే యంత్రం) ఆన్ చేసి, గొట్టాన్ని అరచేతికి ఆనించి లాగుతుందో లేదో చూడాలి. "ఉంది" అనిపించుకోవడం చాలదు. ఆక్సిజన్ సిలిండర్ అయితే మీటరు ముల్లు ఎక్కడుందో చూడాలి, తిప్పే తాళం సిలిండర్‌కే కట్టి ఉండాలి. రోగి కొలతకు సరిపోయే మాస్కు, అంబు బ్యాగ్ ఆక్సిజన్‌కు తగిలించి తల పక్కన ఉండాలి. నోటిలో పెట్టే ఎయిర్‌వే, గొంతు లోపల చూసే లారింజోస్కోపు, రెండు సైజుల ట్యూబులు, ట్యూబు వేయడానికి కండరాలను పూర్తిగా వదులు చేసే సక్సినైల్‌కోలిన్, అట్రోపిన్, అడ్రినలిన్, నలోక్సోన్ ట్రేలో కనబడాలి. గుండెకు షాకు ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఎక్కడుందో అందరికీ తెలియాలి. ఐవీ క్యాన్యులా పనిచేస్తోందో లేదో సెలైన్ తోసి చూడాలి.

పల్స్ ఆక్సిమీటరు ఒక చేతికి, బీపీ కఫ్ మరో చేతికి వేయాలి. ఒకే చేతికి వేస్తే కఫ్ బిగుసుకున్న ప్రతిసారీ అంకె మాయమై, అసలు ప్రమాదాన్ని కూడా యంత్రం లోపమని కొట్టిపారేసే అలవాటు వస్తుంది. నల్ల మెహందీ, ముదురు నెయిల్ పాలిష్ ఉన్న వేలి మీద సిగ్నల్ సరిగా రాకపోవచ్చు, అప్పుడు వేలు మార్చాలి లేదా చెవి తమ్మెకు పెట్టాలి. బీపీ 3 నుంచి 5 నిమిషాలకోసారి, ఈసీజీ నిరంతరం.

ఇక కాప్నోగ్రఫీ. ముక్కు దగ్గర గొట్టం ద్వారా వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి గీతగా చూపించే ఈ యంత్రం, సెడేషన్ భద్రతలో ఆక్సిమీటరు కంటే ముందుండే కాపలాదారు. ఆక్సిజన్ పెట్టి ఉన్న రోగి ఊపిరి ఆగినా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) అంకె వెంటనే పడదు. మోటారు ఆగిపోయినా ట్యాంకులో నీళ్ళున్నంతసేపు కుళాయి పారుతూనే ఉన్నట్టు, ఊపిరితిత్తుల్లో నిలవున్న ఆక్సిజన్ కొంతసేపు అంకెను 99 దగ్గరే నిలబెడుతుంది. కాప్నోగ్రఫీ గీత మాత్రం ఊపిరి ఆగిన క్షణంలోనే చదునవుతుంది. మామూలు అంకె 35 నుంచి 45. అది 50 దాటినా, మొదటి అంకె నుంచి 10 మారినా, గీత మాయమైనా రోగి వైపు చూడాలి. మీ ఆసుపత్రిలో ఆ యంత్రం లేకపోతే ఛాతీ మీద గుడ్డ తీసివేసి, కదలికను కంటితో చూస్తూ, గొంతు మీద స్టెతస్కోపు పెట్టి నిరంతరం వింటూ ఉండాలి. యంత్రం కోసం అడగడం మాత్రం మానకూడదు.

ఎనిమిదో మెట్టు: మందు ఎంచుకోవడం

వనరులు తక్కువున్న చోట, ముఖ్యంగా పిల్లలకు, నా మొదటి ఎంపిక కెటమిన్. నొప్పినీ తగ్గిస్తుంది, మత్తునూ ఇస్తుంది, బీపీని నిలబెడుతుంది, చాలావరకు శ్వాసను ఆపదు. పెద్దలకు సిరలోకి కిలోకు 1 మి.గ్రా., పిల్లలకు 1.5 నుంచి 2 మి.గ్రా., ఒక నిమిషం పాటు మెల్లగా ఇవ్వాలి. వేగంగా తోస్తే ఊపిరి ఆగవచ్చు. నిమిషంలో పనిచేసి 10 నుంచి 20 నిమిషాలు ఉంటుంది. సిర దొరకని పిల్లలకు కండరంలోకి కిలోకు 4 నుంచి 5 మి.గ్రా. ఇవ్వవచ్చు, కానీ తేరుకోవడం ఆలస్యమవుతుంది, వాంతులు ఎక్కువ. మూడు నెలలలోపు శిశువులకూ స్కిజోఫ్రెనియా ఉన్నవారికీ ఇది ఇవ్వకూడదు. జలుబు, దగ్గుతో ఉన్న పిల్లలకు, గొంతు వెనక భాగంలో చేసే పనులకు మరొకసారి ఆలోచించాలి. పెద్దవాళ్ళు తేరుకునేటప్పుడు పీడకలలతో అరవడం ఉంటుంది. కొద్ది మోతాదు మిడజోలమ్ దాన్ని తగ్గిస్తుంది. పిల్లలకు అలా కలపవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

ప్రొపోఫోల్ త్వరగా పనిచేసి త్వరగా దిగిపోతుంది, కండరాలను బాగా వదులు చేస్తుంది. కీలు సరిచేయడానికీ గుండెకు షాకు ఇవ్వడానికీ ఇది చక్కగా సరిపోతుంది. మొదట కిలోకు 0.5 నుంచి 1 మి.గ్రా., తరవాత అవసరాన్ని బట్టి 0.25 నుంచి 0.5 మి.గ్రా. చొప్పున. నొప్పి మీద దీనికి ఏ ప్రభావమూ లేదు, బీపీ పడిపోతుంది, శ్వాస ఆగుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. వయసు పైబడినవారికి మోతాదు సగానికి తగ్గించి, రెట్టింపు సమయం తీసుకుని ఇవ్వాలి. తెరిచిన వయల్‌ను తరవాతి రోగి కోసం దాచకూడదు, ఎందుకంటే అందులోని కొవ్వు ద్రవంలో బ్యాక్టీరియా సులువుగా పెరుగుతుంది.

నొప్పిని అణచే ఫెంటానిల్, మత్తునిచ్చే మిడజోలమ్ జంట చాలామందికి అలవాటైనది, అందుకే ప్రమాదకరమని ఎవరూ అనుకోరు. విడివిడిగా ఇచ్చినప్పటికంటే కలిపి ఇచ్చినప్పుడు శ్వాస అణగడం చాలా ఎక్కువ. ఫెంటానిల్ కిలోకు 0.5 నుంచి 1 మైక్రోగ్రాము, మిడజోలమ్ 1 మి.గ్రా. చొప్పున మెల్లగా. మిడజోలమ్ పూర్తి ప్రభావం చూపడానికి 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. ఆ ఓపిక లేక రెండో మోతాదు, మూడో మోతాదు ఇచ్చేస్తే, ఎముక సరిచేసిన తరవాత మూడూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి.

ఎటోమిడేట్ గుండెకు తేలిక, కానీ కండరాలు అదురుతాయి. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సమాన మిశ్రమం ఉన్న చోట చిన్న పనులకు బాగుంటుంది, అయితే ఛాతీలో గాలి చేరినవారికీ పేగు అడ్డుపడినవారికీ ఇవ్వకూడదు.

వయల్ మీది అంకె చదవండి. కెటమిన్ ఒక మి.లీ.లో 50 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 10 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది. మిడజోలమ్ ఒక మి.లీ.లో 1 మి.గ్రా.దీ 5 మి.గ్రా.దీ పక్కపక్కనే ఉంటాయి. ఒక మి.లీ. 50 మి.గ్రా. కెటమిన్‌కు 4 మి.లీ. సెలైన్ కలిపితే మి.లీ.కు 10 మి.గ్రా. అవుతుంది. ప్రొపోఫోల్ కూడా మి.లీ.కు 10 మి.గ్రా.నే కాబట్టి మీ చేతిలోని రెండు సిరంజిలకూ ఒకే లెక్క పనిచేస్తుంది. సిరంజి మీద మందు పేరు, బలం రాసిన ప్లాస్టర్ అంటించకుండా ట్రేలో పెట్టకూడదు.

తొమ్మిదో మెట్టు: ఇవ్వడం

60 కిలోల బరువున్న, ఆరోగ్యవంతుడైన యువకుడు బైకు మీద నుంచి పడి కుడి భుజం కీలు జార్చుకున్నాడనుకుందాం. ఎక్స్‌రేలో విరుపు లేదు. చేతి నాడి, భుజం మీది స్పర్శ పరీక్షించి రాసుకున్నారు. నొప్పికి ఫెంటానిల్ 50 మైక్రోగ్రాములు ఇచ్చి ఐదు నిమిషాలు ఆగారు. మాస్కుతో మూడు నిమిషాలు ఆక్సిజన్ పట్టారు.

ఇప్పుడు అందరూ చేతులు ఆపాలి. రోగి పేరు, ఏ భుజం, బరువు, పడని మందులు, ఇవ్వబోయే మోతాదు, ఊపిరి ఆగితే ఎవరు ఏం చేస్తారు, ఇవన్నీ పైకి చెప్పాలి. తరవాత ప్రొపోఫోల్ 30 మి.గ్రా., అంటే 3 మి.లీ., మెల్లగా ఇచ్చి, 60 నుంచి 90 సెకన్లు ఏమీ చేయకుండా చూడాలి. కళ్ళు వాలి, పిలిస్తే పలకడం నెమ్మదించి, చెయ్యి పట్టు వదిలితే చాలు. లేకపోతే మరో 20 మి.గ్రా., మళ్ళీ అంతే ఆగడం. ముందే ఫెంటానిల్ పడింది కాబట్టి మామూలుకంటే తక్కువలోనే పని జరుగుతుంది. పైన కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టింది అందుకే.

మందు ఎక్కించే డాక్టరు "సరే, మొదలుపెట్టండి" అనేవరకూ ఎవరూ చెయ్యి ముట్టుకోకూడదు. రోగి ముఖం మీద గుడ్డ కప్పకూడదు. నర్సు ప్రతి మోతాదునూ సమయంతో సహా రాయాలి. భుజం "టక్"మని లోపలికి వెళ్ళాక ఒక్క చుక్క కూడా ఎక్కించకూడదు.

పదో మెట్టు: ఇబ్బంది వస్తే

ఊపిరి తగ్గితే మొదటి పని మందు వెతకడం కాదు. పిలవండి, భుజం తట్టండి. చాలాసార్లు అంతే చాలు. కాకపోతే దవడను ముందుకు ఎత్తాలి, ఆక్సిజన్ పెంచాలి. అప్పటికీ ఛాతీ కదలకపోతే మాస్కు బిగించి అంబు బ్యాగ్‌తో నెమ్మదిగా ఊపిరి అందించాలి. గట్టిగా నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతి వస్తుంది. ప్రొపోఫోల్ వల్ల ఆగిన ఊపిరి కొద్ది నిమిషాల్లో తిరిగి వస్తుంది, ఆలోపు మన చేతులే అతని ఊపిరితిత్తులు.

ఫెంటానిల్ కారణమైతే దాని విరుగుడు నలోక్సోన్ 0.4 మి.గ్రా. ఆంప్యూల్‌ను 10 మి.లీ.కు పలచన చేసి ఒక్కొక్క మి.లీ. చొప్పున ఇవ్వాలి. మిడజోలమ్‌కు ఫ్లుమజెనిల్ 0.2 మి.గ్రా. చొప్పున, మొత్తం 1 మి.గ్రా. మించకుండా. కల్తీ కల్లుకూ నిద్రమాత్రలకూ అలవాటుపడినవారికి దాన్ని పక్కన పెట్టి బ్యాగ్‌తోనే ఊపిరి అందించాలి. విరుగుడు మందులు అసలు మందుకంటే ముందే దిగిపోతాయి కాబట్టి, అవి ఇచ్చిన రోగిని కనీసం రెండు గంటలు కళ్ళముందే ఉంచాలి.

కెటమిన్ తరవాత స్వరపేటిక బిగుసుకుపోవడం పిల్లల్లో వెయ్యికి సుమారు 3 చొప్పున కనిపిస్తుంది. ఛాతీ లోపలికి గుంజుతుంది, కీచుమని శబ్దం, లేదా అసలు శబ్దమే ఉండదు. వెంటనే ప్రొసీజర్ ఆపి, నోరు శుభ్రం చేసి, మాస్కు గట్టిగా అదిమి నూరు శాతం ఆక్సిజన్‌ను నిరంతర ఒత్తిడితో పట్టాలి. అదే సమయంలో చెవి తమ్మె వెనక, దవడ ఎముకకూ కపాలానికీ మధ్య ఉన్న గుంటలో రెండు వైపులా వేళ్ళతో లోపలికి గట్టిగా నొక్కుతూ దవడను ముందుకు ఎత్తాలి. చాలామంది దీనితోనే తెరుచుకుంటారు. వదలకపోతే కొద్దిగా ప్రొపోఫోల్, అప్పటికీ వదలకపోతే సక్సినైల్‌కోలిన్ ఇచ్చి ట్యూబు వేయాలి. ఈ వరుసను ఖాళీ సమయంలో బొమ్మ మీద సాధన చేసినవారికే ఆ క్షణంలో చేతులు ఆడతాయి.

వాంతి అయితే పక్కకు తిప్పి, తల దించి, సక్షన్. బీపీ పడితే కాళ్ళు ఎత్తి సెలైన్ పరుగెత్తించాలి.

పదకొండో మెట్టు: పని అయిపోయాక

అత్యంత ప్రమాదకరమైన పది నిమిషాలు ఇప్పుడు మొదలవుతాయి. ఇంతసేపూ ఎముక లాగుతున్న నొప్పే రోగిని సగం మేల్కొలిపి ఉంచింది. అది పోయింది, మందు ఇంకా ఉంది. సరిగ్గా అప్పుడే అందరూ ఊపిరి పీల్చుకుని, ఒకరు స్లింగ్ కడుతూ, ఒకరు కేస్ షీట్ రాస్తూ, ఒకరు ఎక్స్‌రేకి స్ట్రెచర్ తోస్తూ ఉంటారు. రోగి కళ్ళు తెరిచి తన పేరు చెప్పేవరకూ మానిటర్ తీయకూడదు, ఎక్స్‌రే గదికి పంపకూడదు. అత్యవసరంగా పంపవలసివస్తే ఆక్సిజన్, బ్యాగ్‌తో సహా ఒక డాక్టరు వెంట వెళ్ళాలి.

భుజం సరిచేశాక చేతి నాడి, స్పర్శ మళ్ళీ పరీక్షించి, మొదటి పరీక్షతో పోల్చి రాయాలి. కెటమిన్ ఇచ్చిన రోగిని వెలుతురు, శబ్దం తక్కువున్న మూలకు మార్చి, అనవసరంగా కదపకుండా తేరుకోనివ్వాలి. వాంతి వస్తుంటే ఆండాన్సెట్రాన్.

పన్నెండో మెట్టు: ఇంటికి పంపడం

వచ్చినప్పుడు ఎలా ఉన్నాడో అలా మాట్లాడుతున్నాడా, సాచురేషన్ ఆక్సిజన్ లేకుండా మొదటి అంకెకు వచ్చిందా, బీపీ నిలబడిందా, లేచి నడవగలడా, నొప్పి అదుపులో ఉందా చూడాలి. మత్తు నుంచి ఎంత తేరుకున్నారో కొలిచే ఆల్డ్రెట్ స్కోరు వాడే చోట 10కి కనీసం 9 రావాలి. గడియారం చూసి కాదు, రోగిని చూసి పంపాలి. బాధ్యత తీసుకునే పెద్దమనిషి వెంట ఉండాలి.

సూచనలు తెలుగులో, చదవగలిగే దస్తూరితో రాసి ఇవ్వాలి. 24 గంటలు బండి నడపకూడదు, యంత్రాల దగ్గర, పొలంలో మోటారు దగ్గర పని చేయకూడదు, మద్యం, నిద్రమాత్రలు తీసుకోకూడదు. మన దగ్గర ఇంకొకటి తప్పక చెప్పాలి: రోగిని బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని పోవద్దు. జోగుతూ పడిపోతే ఈసారి భుజంతో ఆగదు. పసిబిడ్డ దారిలో నిద్రపోతే తల ముందుకు వాలి ఊపిరి అడ్డుపడవచ్చు, కాబట్టి ఆటోలోనైనా కారులోనైనా ఒకరు తలను నిటారుగా పట్టుకుని, బిడ్డ ముఖం చూస్తూ ఉండాలి. లేపినా లేవకపోవడం, ఆగని వాంతులు, ఊపిరి ఇబ్బంది, చేతివేళ్ళు నల్లబడటం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలని, ఆసుపత్రి ఫోను నంబరుతో సహా చీటీ మీద రాయాలి.

చివరగా ట్రే. వాడిన మాస్కు, ట్యూబు, సిరంజిల స్థానంలో కొత్తవి అప్పుడే పెట్టాలి, సక్షన్ సీసా కడగాలి. కెటమిన్‌ను 2013లో షెడ్యూల్ ఎక్స్‌లో (కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితాలో) చేర్చారు కాబట్టి, ఎంత వాడారో, ఎంత పారబోశారో మరొకరి సాక్షి సంతకంతో రిజిస్టరులో రాసి, మిగిలిన వయళ్ళను తాళంలో పెట్టి, తాళంచెవిని తరవాతి డ్యూటీ సిస్టరుకు చేతికి ఇవ్వాలి.